మామా డ్రమ్ముకు మెడ ఎంత పొడుగు

కరోనా ఆంక్షలు ఎత్తేశాక వచ్చిన చలికాలం చివర్లో, ఫిబ్రవరి నెలలో, నేను కువైట్‌లోని షువైఖ్ పారిశ్రామిక వాడలో ఒక ఫాబ్రికేషన్ షాపుకు వెల్డింగ్ ఫోర్‌మన్‌గా ఉన్నాను. మా వరసలో హెల్పర్‌ పైన ఫిట్టర్, ఫిట్టర్‌ పైన వెల్డర్, అందరి తిట్లూ తినడానికి ఫోర్‌మన్ ఉంటాడు. నూనె కంపెనీలకు పైపులు, ట్యాంకులు చేసివ్వడం మా పని. ఆ ఒక్కసారి మాత్రం బీరు పీపాను ఆవిరి బానగా మార్చాను. బీరు మాట ఎత్తితేనే జైలుకు పంపే దేశంలో ఆ పని చేశానంటే, దానికి కారణం మా గంగమ్మ.

గంగమ్మది రాయచోటి దగ్గర పల్లె. నాది రాజంపేట. ఒకే వైపువాళ్ళం కాబట్టి నన్ను అన్నా అంటుంది. ఒక కువైటీ పెద్దావిడ ఇంట్లో వంటపని చేసేది. యజమానురాలిని అక్కడి పనివాళ్ళంతా మామా అనే పిలుస్తారు. ఈ మామాకు ఏటా ఒక ముచ్చట ఉంది. చలి తగ్గే రోజుల్లో మగ ఖర్జూర చెట్లు పూతకొస్తాయి. ఆ పూగుత్తిని కప్పి ఉండే డొప్పలను తరిగి, నీళ్ళలో ఉడికించి, వచ్చిన ఆవిరిని చల్లార్చి సీసాలకు పడతారు. దాన్ని మాయ్ లగాహ్ అంటారు. పిల్లలకు కడుపునొప్పి వస్తే అదే మందు, పెద్దవాళ్ళకు టీలో అదే సువాసన. మామా ఇంట్లో ఆ నీళ్ళు తీసే రాగి బాన ఆమె అత్తగారి కాలంనాటిది.

ఒక శుక్రవారం గంగమ్మ మేం పనివాళ్ళం ఉండే క్యాంపుకు వచ్చి గుమ్మంలోనే కూలబడింది.

“అన్నా, నా కొంప మునిగింది. బాన లోపలంతా బూడిదరంగు మకిలి పట్టుకోనుంటే చింతపండు, ఉప్పు, ఇసుక ఏసి చేతులు నొప్పి పుట్టేదాకా తోమితి. తళతళా మెరిసింది గానీ, దాంట్లో కాస్తే నీళ్ళు పచ్చగా దిగినాయి. అతుకులు గూడా కారతాండాయి.”

“అది మకిలి గాదు తల్లీ, కళాయి,” అన్నాను. నవ్వు ఆపుకోలేకపోయాను. మన సీమలో ఇత్తడి బిందె, రాగి చెంబు చూస్తే ఆడవాళ్ళ చెయ్యి ఊరుకోదు. రాగి చేదు నీళ్ళలోకి దిగకుండా పూసిన తగరాన్ని అది నలుపనుకుని గీకి పారేసింది. కువైట్‌లో మరెవరూ ఇంత శ్రద్ధగా నష్టం చేసి ఉండరు.

కానీ గంగమ్మ నవ్వలేదు. ఊళ్ళో కూతురికి నెలలు నిండుతున్నాయి, తొలి కాన్పు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి, పుట్టింట్లో అమ్మ ఉండాలి. “ఈ ఏటి నీళ్ళు సీసాల్లోకి దిగితేనే నువ్వు ఇమానం ఎక్కేదని మామా ఒట్టు పెట్టుకునిందన్నా. పూత ఐపోతే నీళ్ళూ లేవు, సెలవూ లేదు. అమ్మ లేకుండా బిడ్డ ఎట్ల కనేది?” అని కళ్ళొత్తుకుంది. నాకూ ఇద్దరు ఆడపిల్లలు. సరే, చూస్తానన్నాను.

బాన అతుకులు మళ్ళీ పోసి కళాయి వేసే మనిషి మాకు దొరకలేదు. స్టీలుతో కొత్తగా చేస్తే కళాయి గొడవే ఉండదనిపించింది. మా వెల్డర్ మస్తాన్‌ను వెంటబెట్టుకుని జహ్రా దగ్గరి అమ్ఘరా తుక్కు యార్డులకు వెళ్ళాను. మస్తాన్ కడప మనిషి, అయిదు పూటలా నమాజు చేసేవాడు, చెయ్యి మహా నిదానం. పాత గేట్లు, నీళ్ళ ట్యాంకుల మధ్య ఒక స్టీలు బీరు పీపా నిక్షేపంలా కూర్చుని ఉంది. ఏ ఓడలోంచి దిగిందో దుకాణదారు చెప్పలేదు, మేమూ అడగలేదు. అతను మాత్రం దాన్ని మా బండిలోకి ఎక్కిస్తూ నాకేసి కన్ను కొట్టాడు. మస్తాన్ దారి పొడుగునా “తౌబా, తౌబా” అంటూనే ఉన్నాడు.

పీపా పనికి కొన్ని నియమాలున్నాయి. ఖాళీగా కనిపించినా లోపల గ్యాస్ ఒత్తిడి మిగిలి ఉంటుంది. ముందు దాన్ని వదిలించకుండా పైనున్న కవాటం విప్పితే అది తూటాలా లేచి మొహాన తగులుతుంది. ఒత్తిడి పోయాక నిండా నీళ్ళు నింపి, అప్పుడే పైభాగం కోయాలి. అతుకు వేసేటప్పుడు లోపల ఆర్గాన్ గ్యాస్ నింపాలి. లేకపోతే వెల్డింగ్ వెనకవైపు స్టీలు కాలిపోయి నల్లగా, గరుకుగా పొక్కుతుంది. దాన్ని మేం పంచదార అంటాం. ఎంత కడిగినా ఆ సందుల్లో మురికి పోదు. మూతకు రబ్బరు, బోల్టులు వద్దన్నాను. మైదాపిండి ముద్దతో మూస్తే చాలు, లోపల ఒత్తిడి పెరిగితే ముందు పిండే ఊడుతుంది, మనిషి బతుకుతాడు. మూతపైన ఆవిరి గొట్టానికి జానెడు మెడ. ఇదంతా బొమ్మ గీసి షాపులో ఇచ్చాను.

దేనికని అడిగితే ఉన్నమాటే చెప్పాను. ఒక మామాకు మందు నీళ్ళు తీయడానికని. షాపంతా తలలూపింది. ఆ ఊపడంలోనే నాకు తేడా తెలియాల్సింది. మా ఫిట్టర్ సత్తిబాబు కోనసీమవాడు. “అలాగేనండి, మందు నీళ్ళేనండి. తమరు చెప్పాక ఇంకేవుందండి,” అని మరీ వినయంగా అన్నాడు.

ఆ రోజు నుంచి షాపులో నాకెప్పుడూ లేనంత గౌరవం. టీ అడగకుండానే వచ్చేది. ఒకడొచ్చి ఆవిరి చల్లార్చే చుట్ట గొట్టం రాగిదైతే మేలంటాడు. ఇంకొకడు మంట సన్నగా ఉండాలంటాడు. నీకెట్లా తెలుసురా అంటే, అందరిదీ ఒకటే జవాబు, ఎవరో చెప్పుకుంటుంటే విన్నాడట. పైపు వాలు చెప్పమంటే బుర్ర గోక్కునేవాళ్ళు ఆవిరి గురించి అవధానం చేస్తున్నారు. ఔరా, నా షాపులో ఇంతమంది పండితులా అనుకున్నాను.

నేను పోర్టు పని మీద వెళ్ళి, మర్నాడు తిరిగొచ్చేసరికి డ్రమ్ము సిద్ధంగా ఉంది. అతుకులు అద్దంలా ఉన్నాయి. మెడ మాత్రం జానెడు కాదు, నా నడుము దాకా ఉంది. లోపల రాగి పీచు కూడా కూరారు. గంగమ్మ డొప్పల సంచీతో అప్పటికే వచ్చి కూర్చుంది. మెడ కోసి అతికిద్దామంటే మధ్యాహ్నమైపోతుంది, సరే చూద్దామని మంట పెట్టించాను. ఎంతసేపటికీ గొట్టం చివర ఒక్కో చుక్క, అదీ బతిమాలుకుంటే. నా పండితులు కట్టింది సారా బట్టీ అని అప్పుడు వెలిగింది. సారాకైతే ఆవిరి పొడుగు మెడలో చల్లబడి వెనక్కి జారడం మంచిదే, సరుకు ఘాటెక్కుతుంది. మాకు కావలసింది నీళ్ళు. అవన్నీ మెడలోనే తిరిగి డ్రమ్ములో పడుతున్నాయి.

సరిగ్గా అప్పుడే పక్క గ్యారేజీలో తన కారు చూసుకోవడానికి వచ్చిన పోలీసాయన ఒకడు, యూనిఫారంలోనే, ఆవిరి చూసి మా పెరట్లోకి తొంగి చూశాడు. ఒక్క క్షణంలో పండితులంతా మాయం. సత్తిబాబుకు బాత్రూము గుర్తొచ్చింది. మస్తాన్ ఒక్కడే నా పక్కన నిలబడ్డాడు, వాడి పెదవులు మాత్రం కదులుతున్నాయి.

“షిను హాదా?” ఇదేమిటని అడిగాడు.

మాయ్ లగాహ్ అన్నాను. ఆయన పీపా చూశాడు, మెడను కింది నుంచి పైదాకా చూశాడు, పగలబడి నవ్వాడు. మా అవ్వ నా చిన్నతనమంతా ఈ నీళ్ళే తీసింది, ఆమె బానకు మెడ ఇంతే అని జానెడు చూపించాడు. ఇంత మెడతో ఏం తీస్తారో నాకు తెలుసు అన్నాడు. ఆ తర్వాత నవ్వు ఆపేసి నా ఇఖామా, అంటే నివాస కార్డు, తీయమన్నాడు. కార్డు తీసి ఇచ్చాను. నిజమే చెబుతున్నాను, కానీ నా మాటను నా డ్రమ్మే అబద్ధం చేస్తోంది.

గంగమ్మ లేచింది. వచ్చీరాని అరబీలో, మధ్యమధ్య రాయచోటి తెలుగులో, ఆయన మీద విరుచుకుపడింది. “నా బిడ్డ కానుపయ్యా! మా అన్నను పట్టుకపోతే నేను యాడికి పోవల్ల?” అంటూ మామాకు ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది. మామా కేకలు పెరడంతా వినపడ్డాయి. నువ్వు ఎవరి కొడుకువని అడిగింది. ఆయన చెప్పాడు. మీ అవ్వకు డొప్పలు పంపేదాన్ని నేనే, నీ కడుపునొప్పికి తాగింది మా ఇంటి డొప్పల నీళ్ళే అంది. అంతే, పోలీసాయన “హాజిర్ ఖాలతీ, చిత్తం పిన్నీ,” అన్నాడు. ఫోన్ పెట్టేసి, ఖలాస్, ఇక అయిపోయింది, కానీ ఆ మెడ కోసేయండి, కోసేదాకా నేనిక్కడే ఉంటానన్నాడు.

మంట ఆర్పి, చల్లారాక మస్తాన్ మెడ కోశాడు. రాగి పీచు పీకేసి జానెడు మిగిల్చి అతికాడు. ఈసారి నీళ్ళు ధారగా దిగాయి. పూత వాసన పెరడంతా నిండింది. మొదటి సీసా పోలీసాయన తీసుకున్నాడు, ఇదీ మెడంటే అని వెళ్ళాడు.

బాత్రూములోంచి వచ్చిన సత్తిబాబు అప్పటికి గంగమ్మ మాటలన్నీ విన్నాడు. “అమ్మాయి కాన్పుకని మాకెవరూ చెప్పలేదండి. తెలిస్తే ఎంత చెడ్డవాడినైనా చెయ్యి పెడతానా అండి?” అన్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు చూసి నా కోపం చల్లారింది. అయినా కోసిన మెడను వాడి ఎదుటే నిలువునా చీల్చి తుక్కులో పడేశాను. దొంగ సారా తాగి కళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ కథలు క్యాంపుల్లో చాలా విన్నాం. అప్పుడు మాత్రం వాడి మొహం చూడాల్సిందే.

పాత బాన కంటే పీపా చాలా పెద్దది. డొప్పలన్నీ తొందరగా అయిపోయాయి. మామా రుచి చూసి, మా అత్త నీళ్ళంత లేవు అందట, కానీ సీసాలన్నీ లెక్కపెట్టుకుని దాచుకుందట. ఆ వారంలోనే గంగమ్మను పంపించింది, పుట్టబోయే బిడ్డ కడుపునొప్పికి రెండు సీసాలిచ్చి మరీ.

కొన్నాళ్ళకు ఊరి నుంచి గంగమ్మ ఫోన్ చేసింది. “ఆడబిడ్డన్నా. నొప్పులు మొదలయ్యేటప్పటికి నా కూతురు నా చెయ్యి పట్టుకోనుండె.”

నేను రిటైరయ్యేదాకా ఆ పాఠం పాటించాను. పనివాడు మనం చెప్పినదానికి కట్టడు, తాను నమ్మినదానికి కడతాడు. అందుకని ఆ తర్వాత ఏ చిన్న పని వచ్చినా, బొమ్మ ఇచ్చేముందు, ఆ వస్తువు వాడబోయే మనిషిని ఒకసారి షాపులోకి పిలిపించి పనివాళ్ళకు చూపించాను. మళ్ళీ ఏ మెడా కోయాల్సి రాలేదు.