మా వదిన చేతి వైరింగు

మొన్న పొద్దున్నే నరసరావుపేట నుంచి ఫోను వచ్చింది, మా వదిన పోయిందని. నిద్రలోనే ప్రాణం పోయిందట. మా ఆయనకి అక్క, నాకు ఆడపడుచు, తొంభై దాటిన మనిషి. ఆ వయసులో పోయినవాళ్ళ గురించి ఎవరైనా "నిండుగా బతికింది" అని ఊరుకుంటారు. నేనూ ఊరుకుందామనుకున్నాను. ఫోను పెట్టేశాక నాకు ఏడుపు కంటే ముందు ఆమె కేక వినపడింది. "ఏమే, నిచ్చెన పట్టుకున్నావా, వదిలేసి కబుర్లు చెబుతున్నావా?" ఆ కేక గురించే మీకు చెప్పాలి.

అరవైల మొదట్లో నేను కోడలిగా అడుగుపెట్టిన ఊరు గురజాల నుంచి మాచర్ల పోయే దారిలో ఉండేది. వదిన అప్పటికే నరసరావుపేటలో ఆడపిల్లల బడిలో సైన్సు టీచరు. పెళ్ళి చేసుకోలేదు. పొడుగ్గా ఉండేది, వేగంగా నడిచేది. ఎవరింటికి పోయినా మంచినీళ్ళు తాగకముందే తల పైకెత్తి దూలాలూ గోడలూ చూసేది. "మా అమ్మాయి మనుషుల్ని పలకరించదు, గోడల్ని పలకరిస్తది" అని మా అత్తయ్య నవ్వేది.

ఆ ఏడు మా ఊరికి కరెంటు స్తంభాలు వచ్చాయి. ఒక్కో స్తంభం నిలబెడుతుంటే ఊళ్ళో సగం మంది పనులు మానుకుని చూశారు. మా మామయ్య సంఘంలో పెద్ద. ఆదివారం ఆరాధన అయిపోగానే లేచి నిలబడి, "ఈసారి క్రిస్మస్ ప్రార్థన మా ఇంట్లో, కరెంటు లైటు కింద!" అని అందరిలో ప్రకటించాడు. ఇంట్లో ఇంకా ఒక్క మేకు కూడా కొట్టలేదు.

లైసెన్సున్న వైర్‌మేన్ మాచర్లలో ఉన్నాడు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఒక్కసారే ఆయన మీద పడేసరికి, మొత్తం పని తన చేతుల మీద జరగాలంటే సంక్రాంతి దాటుతుందన్నాడు. మామయ్య మొహం చిన్నబోయింది. దసరా సెలవలకి వచ్చిన వదిన ఆ వైర్‌మేన్‌నే నేరుగా అడిగింది.

"తీగలు పోయే చెక్క బద్దలు గోడకి కొట్టుకోవడం, గోడలు తొలచడం, ఎర్త్ పైపుకి గుంట తవ్వుకోవడం మేం చేసుకుంటే?"

"చేసుకోండి టీచరుగారూ. వారం వారం వచ్చి చూస్తా. ఎక్కడ కొట్టాలో నేను చెప్పాలి, కలిపేది నేను కలపాలి."

"అంతే గదా! మీరు చూడందే ఒక్క మూత గూడా బిగించం."

మాకు చెప్పేటప్పుడు ఇదే మాట ఇంకా సూటిగా చెప్పింది. "చేతులు మనవి, సంతకం ఆయనది. ఆ సంతకం లేకుండా కరెంటాఫీసు వాళ్ళు లైను ఇవ్వరు. ఇస్తామన్నా మనం తీసుకోకూడదు."

ఇక చూడండి సంబరం! మా ఆయన పొద్దున్నే పనికి పోతే, ఇల్లంతా మా ఇద్దరిదే. సెలవలైపోయాక కూడా వదిన శనాదివారాలు వచ్చేది. దారాన్ని నీలిమందులో ముంచి ఒక కొస నాకిచ్చేది, రెండో కొస తను గోడకి అదిమిపట్టి మధ్యలో లాగి వదిలేది. టప్‌మని గోడ మీద నీలంగా సూటిగీత పడేది. ఒకరు నిచ్చెనెక్కితే ఇంకొకరు కింద పట్టుకుని, ఆ గీత మీద టేకు బద్దలు కొట్టాం. చీర కుచ్చెళ్ళు దోపుకుని, సున్నం రాలి జుట్టంతా తెల్లబడి, ఇద్దరం ముసలమ్మల్లా ఉన్నామని ఒకర్ని చూసి ఒకరం నవ్వుకున్నాం. పుట్టింట్లో నేను సూది తప్ప పనిముట్టు పట్టినదాన్ని కాదు. మొదటి బద్ద నా సుత్తి దెబ్బకి వంకర పోకుండా నిలబడ్డప్పుడు ఎగిరి గంతేశాను.

"ఎర్ర తీగని స్విచ్చిలోకి తేవాలి, నల్లదాన్ని నేరుగా బల్బుకి పోనియ్యాలి. తారుమారైతే బల్బు ఆరినట్టే ఉంటది, హోల్డరులో మాత్రం కరెంటు ఉంటది," అని నాకు పాఠం చెప్పేది. వైర్‌మేన్ వచ్చినప్పుడు అదే నాచేత ఆయనకి అప్పజెప్పించేది. ఆయన తలూపితే నాకు పరీక్ష పాసైనట్టుండేది.

క్రిస్మస్‌కి ముందే ఊళ్ళోకి లైను వచ్చింది. వీధిలో అప్పటికే కొన్ని ఇళ్ళు వెలిగాయి. మా ఇంట్లో అంతా సిద్ధం, ఒక్క ఎర్త్ పరీక్ష మిగిలింది. పొరపాటున ఇనప సామాన్లకి కరెంటు పాకితే మనిషిలోంచి కాకుండా నేలలోకి పోవడానికి వేసే దారి అది. కూలీలు తవ్విన గుంటలో పైపు దించి, చుట్టూ బొగ్గులూ ఉప్పూ పోసి నీళ్ళు పట్టించాం. వైర్‌మేన్ పెట్టెలాంటి మీటరు పిడి తిప్పి చూసి పెదవి విరిచాడు.

"రాలేదమ్మా. మోకాలి లోతులో నాపరాయి తగిలితే మీ కూలీలు ఆపేశారు. ఈ మెట్టన తేమ యాడుంటది? దీని మీద నేను సంతకం పెట్టలేను."

"పెట్టమాకండి," అంది వదిన.

మామయ్యకి కోపం నషాళానికంటింది. "ఏందే! పైన తీగలన్నీ బాగున్నయ్ గదా. నేల కింద పైపు కోసం నా పరువు తీస్తావా?"

పక్కింటి మామయ్య, వదిన బాబాయ్ అని పిలిచే ఆయన, గోడ మీంచి తొంగిచూశాడు. "అన్నయ్యా, ప్రార్థన పూట మా ఇంట్లోంచి ఒక వైరు లాగిస్తా. మా గొడ్ల పాకకి నేనే లాక్కున్నా, ఏమైంది?"

"వద్దు బాబాయ్," అంది వదిన. "పాకకి లాగింది గూడా తీసెయ్. నిన్న గూడా చెప్పా నీకు. కరెంటు మన చుట్టం కాదు, మొహమాటపడదు."

క్రిస్మస్ ప్రార్థన పెట్రోమాక్స్ దీపం కింద జరిగింది. వచ్చినవాళ్ళు ఆరిపోయి ఉన్న బల్బుల వంక చూశారు. మామయ్య కూతురితో మాట్లాడలేదు, అన్నం ముందు నుంచి లేచిపోయాడు. వదిన మాత్రం అందరికీ వడ్డించి, "ఇవాళ నాతో మాట్లాడకపోయినా పర్లేదు, మనిషి ఉంటే రేపు మాట్లాడతాడు," అంది నాతో. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మర్నాడు పొద్దున పక్కింట్లోంచి పెద్ద అరుపు. పరుగెత్తాం. పక్కింటి మామయ్య భార్య, వదినతో పాటు నేనూ పిన్ని అనే పిలిచే ఆమె, తడిచీర ఆరేస్తూ దండెం తీగకి అతుక్కుపోయి ఉంది. పాకకి లాగిన వైరు ఆ దండెం మీంచే పోతోంది. తోలు ఊడిన చోట రాగి బయటపడి ఇనప తీగని తాకుతోంది. పిన్నిని లాగడానికి మామయ్య చేతులు చాచాడు. వదిన ఆయన్ని భుజంతో ఒక్క తోపు తోసింది.

"ముట్టుకోవద్దు నాన్నా! నువ్వూ పోతావ్! ఏమే, లోపలికెళ్ళి మెయిన్ దించు!"

లోపలికి దూకాను. మెయిన్ స్విచ్ వేరుశనగ బస్తాల వెనకాల ఉంది. బస్తాలు ఎక్కి, గోడకి ఒరిగి, పిడి పట్టుకుని బలమంతా పెట్టి కిందికి గుంజాను. బయట దబ్బున శబ్దం వినిపించింది. పిన్ని పడిపోయిందేమోనని బయటికి పరుగెత్తాను. వచ్చి చూస్తే వదిన ఆమె తలని ఒళ్ళో పెట్టుకుని ఉంది. పిన్ని కళ్ళు తెరిచింది. కుడి అరచెయ్యి కాలింది గానీ ప్రాణం దక్కింది. ఎడ్లబండి కట్టి గురజాల ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

మామయ్య ఇంటికొచ్చి గడ్డపార తీసుకున్నాడు. "అమ్మాయ్, గుంట యాడ తవ్వమంటావ్?" అన్నాడు. నిన్నటి నుంచి కూతురితో ఆయన అన్న మొదటి మాట అది.

వదిన పెరట్లో జాలాడి పక్కన చూపించింది. స్నానాలూ అంట్లూ అక్కడే కాబట్టి ఆ నేల ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. మామయ్యా, ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన పక్కింటి మామయ్యా మార్చి మార్చి తవ్వారు. అక్కడా నాపరాయి తగిలింది. ఈసారి ఎవరూ ఆపలేదు, పొరలు పొరలుగా పగలగొట్టారు. మనిషి లోతు దిగాక నల్లటి తడిమట్టి గుప్పెట్లో పట్టి పైకి చూపించి మామయ్య చిన్నపిల్లాడిలా అరిచాడు. "వచ్చిందే అమ్మాయ్, తడి వచ్చింది!"

వైర్‌మేన్ మళ్ళీ వచ్చి మీటరు తిప్పాడు. తలూపాడు, సంతకం పెట్టాడు. కరెంటాఫీసు వాళ్ళు వచ్చి చూసుకుని, కొత్త సంవత్సరం రోజున లైను కలిపారు.

తర్వాత రోజుల్లో వదిన ఎంతమందికి వైరింగు దగ్గర నిలబడి సలహా చెప్పిందో, ఎన్ని పాకల తీగలు పీకించిందో నాకు లెక్క తెలియదు. బల్బు మార్చడం, మెయిన్ దించి ఫ్యూజు వెయ్యడం మా వీధి ఆడవాళ్ళందరికీ నేర్పింది. అంతకుమించి దేనిలో వేలు పెట్టినా, "వైర్‌మేన్‌ని పిలవ్వే" అని కసిరేది. నాకు ధైర్యమూ జాగ్రత్తా ఒక్క మనిషి దగ్గరే దొరికాయి. ఆ రుణం ఇలా నాలుగు మాటల్లో చెప్పుకోవడం తప్ప ఇంకేం చెయ్యగలను?

ఆ కొత్త సంవత్సరం సాయంత్రం మా ఇల్లు జనంతో నిండిపోయింది. అందరూ ఒకరి తర్వాత ఒకరు స్విచ్చి వేసి చూశారు. పక్కింటి పిన్ని మాత్రం కట్టు కట్టిన చేతిని గుండెకి ఆనించుకుని గడప అవతలే ఆగిపోయింది. వదిన వెళ్ళి ఆమెని స్విచ్చి దాకా నడిపించి, పక్కనే గోడకి ఆనుకుని నిలబడింది. పిన్ని కళ్ళు గట్టిగా మూసుకుని ఎడమ చేత్తో నొక్కింది. లైటు వెలిగింది. కళ్ళు తెరిచి మళ్ళీ నొక్కింది. ఆరిపోయింది. ఇక ఆ చెయ్యి ఆగలేదు, వేస్తూనే ఉంది, ఆర్పుతూనే ఉంది. వెలుగు వచ్చిన ప్రతిసారీ వదిన మొహం కనపడుతోంది, పోయిన ప్రతిసారీ ఆమె నవ్వు వినపడుతోంది.