మొండయ్య నిన్న తాగిండట

చొప్పదండి నేతగాడు మొండయ్యకు ఒక్కటే పిచ్చి. తాగుడు మానాలనుకునేవాళ్లు కూర్చునే బైఠక్‌కు వారం వారం ఠంచనుగా వచ్చి, అందరికంటే ముందు లేచి, "నిన్న తాగిన" అని ఒప్పుకునేవాడు.

ఆ ఒప్పుకోవడం కూడా మామూలుగా ఉండేది కాదు. ఒక వారం మేక తాడు తెంపుకొని కల్లు మండువలోకి ఉరికిందని, దాన్ని పట్టుకురాబోయి తను చిక్కిపోయానని చెప్పాడు. ఇంకో వారం, ఇక రానని గౌడుకు మర్యాదగా చెప్పి వద్దామని పోయాడట. ఊరికే సెలవు తీసుకుంటే బాగుండదని రెండు లొట్ల కల్లు ఖాళీ చేశాడట. "మేక మాత్రం ముట్టలే. దానికున్న బుద్ధి నాకు లేకపాయె" అని తనే ముందు నవ్వేవాడు.

ఈ బైఠక్ పెట్టింది నూలుకు రంగులద్దే సిద్దిరాములు. బొంబాయి మిల్లులో ఉన్నప్పుడు అక్కడ తాగుబోతులు ఒకచోట కూర్చొని ఎవరి కథ వాళ్లు చెప్పుకొని బాగుపడడం చూశాడు, తనూ బాగుపడ్డాడు. 1962లో తిరిగొచ్చి తన రంగుల కొట్టంలోనే మొదలుపెట్టాడు. మండువ గట్టిగా పిలిచేది వారపు అంగడి రోజే కాబట్టి బైఠక్ కూడా ఆ రోజే, పొద్దు గూకక ముందే. ఎవరి గురించి వాళ్లే చెప్పాలి, ఎదుటివాడికి బుద్ధి చెప్పకూడదు. షరతు అదొక్కటే.

పక్క ఊరి లక్ష్మీరాజం ఆ చోటు వెతుక్కుంటూ వచ్చాడు. బైఠక్ ఎక్కడని అడిగితే పరువు పోతుందని, చంకలో నూలు చిలప పెట్టుకొని, రంగు వేయించాలంటూ దారి అడిగాడు. తన తెలివికి తనే మురిసిపోతూ లోపల అడుగుపెడితే పదకొండు మంది కూర్చొని ఉన్నారు, ప్రతివాడి చంకలో ఒక చిలప. మొండయ్యదైతే మూడేళ్లుగా చంకలోనే నలిగి, రంగు వేయకముందే రంగు మారింది.

లక్ష్మీరాజానికి వేరే దారి లేదు. ఇంకొక్కసారి వాసన వస్తే పిల్లలను తీసుకొని లక్సెట్టిపేటలో తల్లిగారింటికి పోతానని భార్య బాలలక్ష్మి తేల్చి చెప్పింది. మూడు వారాలు నిలబడ్డాడు. నాలుగో వారం మేనత్త ఊళ్లో దావత్‌కు పోయి తాగి పడిపోయాడు. వాసన పోయేదాకా అక్కడే దాక్కొని, బస్సు దొరకలేదని ఇంట్లో బొంకాడు. ఇక ఏ ముఖం పెట్టుకొని కూర్చుంటాం, రానని చెప్పిపోదామని కొట్టానికి వచ్చి గడప దగ్గరే తల దించుకొని నిలబడ్డాడు.

మొండయ్య అతని వైపు ఒకసారి చూసి లేచాడు. "నిన్న తాగిన. మూడు లొట్లు. మగ్గం గుంటల కాళ్లు పెట్టి కూసుంటే, గా కాళ్లు ఎవనివో నాకే తెల్వలే."

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే లక్ష్మీరాజం నోరు తెరిచాడు. "నేను గూడ తాగిన. మొన్న."

"ఇయ్యాల తాగినవా?" అన్నాడు సిద్దిరాములు.

"లేదు."

"అయితె ఫికర్ లేదు. వచ్చె వారం రా."

ఆ ధైర్యంతోనే ఇంటికి పోయి బాలలక్ష్మికి నిజం చెప్పేశాడు. ఆమె బట్టలు మూటగట్టి తలుపు పక్కన పెట్టింది, కానీ పోలేదు. ఆ మూటను చూస్తూ చూస్తూ వారం గడిపాడు.

ఎనిమిది రోజులు తాగకుండా ఉండేసరికి లక్ష్మీరాజం తనను తాను మహాత్ముడి కింద లెక్కేసుకున్నాడు. ఆ వారం కూడా మొండయ్య, నిన్న నాలుగు లొట్లు తాగి నేశానని చెప్పాడు. పాపం, ఇతన్ని నేనే బాగుచేయాలనుకొని, లక్ష్మీరాజం షరతు మరిచి, మర్నాడే బోధ చేయడానికి అతని ఇంటికి పోయాడు.

మొండయ్య లేడు. భార్య కనకవ్వ నూలు కండెలు చుడుతోంది. మగ్గం మీద బట్ట ఉంది. ఏ రోజు పని ఎక్కడిదాకా అయిందో తెలియడానికి కనకవ్వ అంచుకు ఎర్ర పోగు కడుతుంది. లక్ష్మీరాజం కూడా నేతగాడే. తాగి నేసిన బట్ట ఒకచోట పల్చన, ఒకచోట చిక్కన ఉంటుందని అతనికి చెప్పక్కర్లేదు, అతని బట్టనే నేత సంఘం వాళ్లు మూడుసార్లు తిప్పి పంపారు. నాలుగు లొట్ల రోజు బట్టను తడిమి చూశాడు. ఒక్క పోగు తప్పలేదు.

"వదినా, మొన్న అన్న తాగలేదా?"

"మా ఆయన తాగక మూడేండ్లాయె" అంది కనకవ్వ కండె ఆపకుండానే. "ఎవలన్న మొగం దించుకొని వస్తె గా దినం తాగినోడైతడు. నువ్వు గట్ల వచ్చిన నాడు ఇంటికొచ్చి ఏమన్నడో ఎరికేనా? మూడు లొట్లు తాగితె గాని గా పిలగాడు నోరు తెర్వలేదే అన్నడు."

లక్ష్మీరాజానికి సిగ్గేసింది. ఆ మనిషి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. బోధ అంతా మింగేసి, కనకవ్వ ఇచ్చిన మంచినీళ్లు తాగి వచ్చేశాడు.

చలికాలానికి బాలలక్ష్మి మూట విప్పి బట్టలు దండెం మీద వేసింది. ఆ వారమే హనుమండ్లు అనే కొత్త మనిషి చంకలో చిలపతో వచ్చి, గడప దగ్గర తల దించుకొని కూర్చున్నాడు. మొండయ్య లేవబోయాడు. లక్ష్మీరాజం అతని ధోతి పట్టి కూర్చోబెట్టి, తను లేచాడు.

"నిన్న తాగిన. అయిదు లొట్లు. ఇంట్లకు పోతున్ననుకొని నీలం రంగు గోలెంల దిగిన. మా ఆమె తలుపు తీసి, ఎవలు కావాలె అని అడిగింది."

కొట్టం నవ్వులతో నిండిపోయింది. హనుమండ్లు మెల్లగా తల ఎత్తాడు.

మొండయ్య మాత్రం నవ్వలేదు. లక్ష్మీరాజం చెవి దగ్గరికి జరిగి గొణిగాడు: "అయిదెందుకు తమ్మీ, మూడు సాలకపోవునా? వచ్చె వారం నేనెన్ని తాగాలె ఇగ?"