మంచు గోదాంలో పడుకున్న పడవ ఇంజన్

1974 చలికాలం. యాకుత్‌పురా స్టేషన్ దారిలో నా ఇంజన్ల వర్క్‌షాపు. హైదరాబాదు చలి ఎంతని! అయినా పక్క ఇరానీ హోటల్లో కూర్చున్నవాళ్ల మఫ్లర్లన్నీ ముడేస్తే, చార్మినారుకు రెండు చుట్లు చుట్టి, మిగిలింది పత్తర్‌గట్టి దాకా పరవొచ్చు.

అలాంటి ఒక పొద్దున ఖాదర్ భాయ్ రిక్షాలో తన ఇంజన్ వేసుకొచ్చాడు. ఊరి బయట చెరువులో పడవ నడుపుతాడు. చెరువు అవతలి దర్గాలో వారం రోజుల్లో ఉర్సు. అతని ఏడాది తిండి ఆ ఉత్సవంలోనే. ఇంజన్ను ముగ్గురు దించారు. నేను ఈ కథ చెప్పినప్పుడల్లా ఒకరు పెరుగుతారు, ప్రస్తుతం తొమ్మిదిమంది.

"సాబ్, ఇంజన్ జమ్ గయా!"

జామ్ అయిందన్నాడనుకున్నాను. అంటే లోపల పిస్టన్ పట్టేయడం. పెద్ద పానా తగిలించి బలమంతా పెట్టబోయాను.

"ఆగు సాబ్, ఆగు! జామ్ గాదు, జమ్! గడ్డ కట్టిందంటున్న!"

"భాయ్, ఈ ఊళ్లో కొబ్బరినూనె తప్ప ఏదీ గడ్డ కట్టదు."

"చెయ్యి పెట్టి సూడు మరి."

పెట్టాను. చలికి చెయ్యి జివ్వుమంది. ఇంజన్‌కు చుట్టిన గోనెసంచిలోంచి వరి ఊక రాలింది. ఊకలో చుట్టేది మంచుగడ్డల్ని కదా!

"రాత్రి ఇదెక్కడ పడుకుంది?"

తల గోక్కున్నాడు. "మా బామ్మర్ది బర్ఫ్ కార్ఖానాల. చెరువు కాడ దొంగల ఫికర్. మంచు గోదాంకు తాళముంటది గదా అని పెట్టిన."

"నీళ్లు తీసేశావా?"

"తియ్యలే."

సిలిండర్ చుట్టూ వాటర్ జాకెట్ అనే బోలు గోడ ఉంటుంది. ఇంజన్ను చల్లబరిచే నీళ్లు అందులో తిరుగుతాయి. అవి గడ్డకడితే ఉబ్బుతాయి. పోత ఇనుము సాగదు, పగులుతుంది. సిలిండర్లుండే ఆ పెద్ద దిమ్మె, బ్లాక్ అంటాం, అది పగిలితే ఇంజన్ చచ్చినట్టే, ఇక ఫాతిహా చదవడమే.

ఖాదర్ భాయ్ అప్పటికే హోటల్ నుంచి కెటిల్ పట్టుకొచ్చాడు. "ఉడుకునీళ్లు పోద్దామా?"

"పోస్తే గాజుగ్లాసులా టప్పుమంటుంది. ఎండలో పెడదాం."

జ్వరమొచ్చిన పిల్లాడి పక్కన కూర్చున్నట్టు, ఖాదర్ భాయ్ దాని మీద చెయ్యేసి కూర్చున్నాడు. "తెడ్డెయ్యడానికి భుజాలల్ల బలం లేదు సాబ్. ఇది పోతే నేను గట్టు మీదనే."

పనంతా ఆపి నేనూ ఇంజన్‌కు అటుపక్క కూర్చున్నాను. నా చరిత్రలో అదొక్కసారే.

ఎండెక్కాక టింగుమని ఏదో రాలింది. బ్లాక్ ముక్కే అనుకున్నాను. చూస్తే కోర్ ప్లగ్. బ్లాక్ పక్కన రంధ్రానికి బిగించే పల్చటి రేకు బిళ్ల. అదృష్టముంటే మంచు ఉబ్బినప్పుడు ఇది బయటికి జరిగి బ్లాక్‌ను కాపాడుతుంది. లేకపోతే ఇది కదలదు, బ్లాకే పగులుతుంది. కరిగాక అంతా తడిమాను. పగులు లేదు. కొత్త బిళ్ల కొట్టి నీళ్లు నింపాను. చుక్క కారలేదు. హ్యాండిల్ తిప్పగానే లేచిన మోతకు పావురాలు గోల్కొండ దాకా ఎగిరిపోయాయని నా వాదన.

ఖాదర్ భాయ్ పాత బిళ్లను కళ్లకద్దుకున్నాడు. "మా బామ్మర్ది కన్న గిదే నయం."

ఉర్సుకు పడవ తిరిగింది. ఏ ఇంజన్ వచ్చినా, జబ్బేమిటనే ముందు రాత్రి ఎక్కడ పడుకుందని అడగడం నాకు అప్పుడే అలవాటైంది.

మరుసటి చలికాలం ఖాదర్ భాయ్ వచ్చి చెప్పాడు: "ఇంట్లనే పెట్టిన సాబ్. నీళ్లు తీసిన, రజాయి గూడ కప్పిన."

"ఇంట్లో గడ్డ కట్టదు భాయ్. రజాయి ఎందుకు?"

"ఎరుకే. గని ఒక్కపారి గంత వణికినోన్ని ఉత్తగ పండవెడ్తరా సాబ్?"