ఓవర్ అనేదాకా

నాకు కోపం ముక్కు మీదే ఉంటాది. బాగేపల్లి పక్కన గవర్నమెంటు హైస్కూల్లో సైన్సు చెప్తాను. నేను వరండాలో నడిస్తే పిల్లోళ్ళు గోడకు అతుక్కుంటారు. ఆ కోపం చల్లారేది ఒక్క రేడియో ముందరే. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకొని, సొంత రేడియోలో దూరాబారం వాళ్ళతో మాట్లాడే హ్యామ్‌ను నేను. చింతామణిలో అల్యూమినియం కడ్డీలు కొనుక్కొచ్చి, స్కూలు మిద్దె మీద యాంటెన్నా నేనే కట్టినాను.

అంతరిక్ష కేంద్రంలో ఉండే వ్యోమగామితో మా పిల్లోళ్ళు మాట్లాడేదానికి ఒకసారి అనుమతి వచ్చింది. ఆ కేంద్రం ఈ దిక్కున లేచి ఆ దిక్కున మునిగేదానికి పది నిమిషాలే. ఆలోపల అడగాల్సిందంతా అడిగేయల్ల. తప్పిపోతే మళ్ళీ లేదు.

వరసలో కడాకు నిలబెట్టింది తొమ్మిదో తరగతి పిల్లను. ఆ పిల్లకు నత్తి. "టైము మిగిలితే చూద్దాం లే మిస్" అన్నాడు హెడ్మాస్టరు. వాళ్ళమ్మ మా స్కూల్లోనే బిసియూట, అదే పిల్లోళ్ళ మధ్యాహ్నం అన్నం, వండేది. కూతురు నోరు తెరిస్తే చాలు, మిగతా మాట తానే చెప్పేస్తాది. అంగడోళ్ళూ అంతే, క్లాసులో పిల్లోళ్ళూ అంతే. ఆ ఒక్క ప్రశ్న కోసరం ఆ పిల్ల నెలల తరబడి నా ముందర కూర్చొని నేర్చుకుంది. "నీ వంతు వచ్చి తీరతాది, పూచీ నాది" అని మాటిచ్చేసినాను.

ఆ పొద్దున అన్నీ సరిచూసుకున్నాను, బాగుండాయి. మధ్యాహ్నం పిల్లోళ్ళ అన్నాలయినాక రేడియో ముందర కూర్చున్నాము. టైమయింది. పిలిచినాను. బుస్సుమని శబ్దం తప్ప ఏమీ లేదు. మళ్ళీ పిలిచినాను. మైకు బటన్ నొక్కితే మీటరు ముల్లు ఎగిరి కొసకు కొట్టుకుంటాండాది. అంటే పంపే పవరంతా యాంటెన్నా దగ్గర్నించి వెనక్కి తన్నుతాండాది.

"యాంటెన్నాను యావడ్రా ముట్టింది!" అని అరుస్తా మిద్దెక్కినాను.

నిమ్మకాయ, మిరపకాయలు, బొగ్గు ముక్క. ఇనప తీగకు గుచ్చి, ఆ తీగను సరిగ్గా కేబులు కలిసే చోట రెండు కడ్డీలకూ కలిపి చుట్టినారు. ఆ రెండు కడ్డీలూ ఒకదానికొకటి తగలనే కూడదు. తగిలితే యాంటెన్నా చచ్చినట్టే.

వెనకాలే ఆయాసపడుతా ఆ పిల్ల తల్లి ఎక్కొచ్చింది. "పీకొద్దమ్మా! అందురి కండ్లూ నా బిడ్డ మీదే ఉండాయని నేనే కట్టినాను. వడ్డన అయినాక ఇప్పుడే కట్టినాను."

"నీ దిష్టే తగిలింది పో నీ బిడ్డకు!" అనేసినాను. తీగ ఊడి రాదు. గోర్లతో గీకితిని, పండ్లతో కొరికితిని. మిరపకాయ ఘాటుకు కండ్లలో నీళ్ళు. కింద నిమిషాలు కరిగిపోతాండాయి. ఆమె నన్ను పక్కకు జరిపి మెలిక తిప్పింది. తాను వేసిన మెలికే కదా, టక్కున ఊడొచ్చింది.

ఒక్క పరుగున కిందికొచ్చి పిలిస్తే పైనుంచి వ్యోమగామి గొంతు పలికింది! దేవుడా, ఏడుపొచ్చింది నాకు. పిల్లోళ్ళు ఒకరి తర్వాత ఒకరు అడిగినారు. ఒకడు హలో, హలో అంటా టైము తినేస్తాంటే వాని వీపు విమానం మోత మోగిద్దామనిపించింది. ఆ పిల్ల వంతు వచ్చేసరికి కేంద్రం కదిరి దిక్కుకు వాలిపోతాండాది. గొంతు బుసలో మునిగి తేలుతాండాది.

"చాలు మిస్, థ్యాంక్స్ చెప్పి ముగించేయండి" అన్నాడు హెడ్మాస్టరు.

నేను మైకు ఆ పిల్ల చేతిలో పెట్టినాను.

బటన్ నొక్కింది. "వె... వె..." అని ఆగిపోయింది. హెడ్మాస్టరు పెదాలు కదిలినాయి. తలుపు దగ్గర తల్లి నోరు తెరిచింది. నేను వేలు నోటికి అడ్డం పెట్టి అందుర్నీ ఉరిమి చూసినాను. బటన్ నొక్కి ఉన్నంతసేపు గదిలో యావరు మాట్లాడినా అది పైకి పోతాది. పైనున్న మనిషి మధ్యలో అడ్డం వచ్చేదానికీ కుదరదు. ఓవర్ అని బటన్ వదిలేదాకా ఆయన వినాల్సిందే, అంతే. తల్లి చీర కొంగు నోట్లో కుక్కుకొనింది. గోడ గడియారంలో సెకన్ల ముల్లు ఉరుకుతాండాది. నా చెయ్యి నాకు తెలీకుండానే మైకు దాకా పోయి వెనక్కొచ్చింది.

ఒక్కొక్క మాటే కూడగట్టుకొని, ఇంగ్లీషులో ఆ పిల్ల అడిగేసింది. మీరు యావరూ మాట్లాడనప్పుడు అక్కడ ఏం వినపడతాది?

"ఓవర్" అనింది.

బుస్సుమని శబ్దం. అప్పుడొచ్చింది గొంతు, దూరంగా. ఫ్యాన్లు, ఎప్పుడూ ఫ్యాన్ల చప్పుడే, కానీ ఒక్కోసారి... అంతే, మునిగిపోయింది. ఎంత పిలిచినా పలకలేదు.

తల్లి అక్కడే కూలబడి నెత్తి కొట్టుకుంది. "పాడు తీగ! నేను కట్టకుంటే జవాబంతా వినేది కదమ్మా నా బిడ్డ!"

"అ... అమ్మా, ఆ... ఆ..." అనింది పిల్ల.

అలవాటు కొద్దీ తల్లి నోరు తెరిచింది. నా మొగం చూసి మూసుకుంది. కాసుకుంది.

"ఆయప్ప నే... నేను ముగించేదాకా కా... కాసుకోనుండె మా."