వట్టి చేతులతో కాసాబ్లాంకా

ఎనభైల్లో అమెరికాలో, న్యూజెర్సీలోని పిస్కాటవేలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో మేం ముగ్గురు తెలుగు ఆడవాళ్ళం పనిచేసేవాళ్ళం. నాది బాపట్ల, ఒకామెది హనుమకొండ, మూడో ఆవిడది కాకినాడ. కాకినాడావిడ మాకన్నా పెద్దది కాబట్టి మా ఇద్దరికీ అక్క అయింది. ఆవిడకి సొంత తమ్ముడు మాత్రం ఒక్కడే. తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచిందట. వాడు పెద్దయి ఓడలో ఇంజనీరయ్యాడు. అక్క ఇండియా వెళ్ళినప్పుడల్లా వాడు ఏదో ఒక సముద్రం మీద ఉండేవాడు. ఒకరినొకరు చూసుకోకుండానే ఏడేళ్ళు గడిచిపోయాయి.

ఒక మార్చి నెలలో వాడు ఏదో రేవు నుంచి ఫోన్ చేశాడు. ఎరువుల కంపెనీకి కావలసిన ఫాస్ఫేట్ రాయి ఎక్కించుకోవడానికి వాళ్ళ ఓడ మొరాకోలోని కాసాబ్లాంకాలో ఆగుతుందట. శనివారం కాసేపు ఒడ్డుకి రాగలనన్నాడట. న్యూయార్క్ నుంచి అక్కడికి నేరుగా విమానం ఉంది. శుక్రవారం రాత్రి ఎక్కితే ఆదివారం తిరిగి బయల్దేరొచ్చు.

"ఫ్లైట్ బుక్ చేసేశానే. ఒక్కదాన్నే వెళ్ళాలంటే కాళ్ళూ చేతులూ ఆడట్లేదు," అంది అక్క లంచ్ టైమ్‌లో.

"ఒక్కదానివెట్ల పోతవక్కా? మేం రామా?" అంది హనుమకొండామె. ఆ 'మేం'లో నేనూ ఉన్నానని నాకప్పుడే తెలిసింది. నాలుగు రోజులు సణిగి నేనూ టికెట్ కొనుక్కున్నాను.

అక్క ఆ వారమంతా సున్నుండలు చుట్టింది, జంతికలు వేసింది, పెట్టె పట్టకపోతే మీద కూర్చుని మూసింది. కాసాబ్లాంకాలో మేం దిగాం గానీ పెట్టె దిగలేదు. న్యూయార్క్‌లోనే ఉండిపోయిందన్నారు. మంగళవారానికి వస్తుందట. మంగళవారానికి మేం మా ల్యాబ్‌లో ఉంటాం.

ఊరు బాగుంది. తెల్లటి మేడలు, ఎర్ర టాక్సీలు, సముద్రం మీంచి చల్లటి గాలి. మా చీరలు చూసి ఒక పండ్ల బండివాడు హిందీ సినిమా పాట ఈలేశాడు. హనుమకొండామె ఆగి మిగతా చరణం పాడి వినిపించింది. అక్కకి ఇవేవీ పట్టలేదు. ముందు రేవు దగ్గరికి నడవండి అంది.

రేవు గేటు పక్కన ఓడల పనులు చూసే ఆఫీసులో ఒక ముసలి గుమస్తా ఉన్నాడు. వచ్చీరాని ఇంగ్లీషులో విషయం చెప్పాడు. సరుకు ఎక్కించడం అయిపోయింది, ఓడ దూరంగా లంగరేసి ఉంది, రాత్రికి వెళ్ళిపోతుంది. మీ తమ్ముడు మూడింటికి లాంచీలో ఒడ్డుకొస్తాడు, ఐదింటికి అదే లాంచీలో తిరిగి వెళ్ళాలి. ఇంకా చాలా టైముంది కదా అని మేం బయటికొచ్చాం. రేవుకి ఎదురుగానే పాత ఊరి బజారు.

"ఇన్నేళ్ళకి వాణ్ణి చూస్తున్నాను, వట్టి చేతులతో ఎలాగే?" అంది అక్క.

"వాడు చూడాలనుకునేది నీ మొహం. ఇక్కడే కూర్చుందాం," అన్నాను.

"నువ్వూరుకో. చేతులూపుకుంటూ వెళ్తే పిల్లాడు ఏమనుకుంటాడు?"

పిల్లాడట! ముప్ఫై దాటినవాడు. నాకు ఒళ్ళు మండింది కానీ ఆవిడ అప్పటికే బజారు చుట్టూ ఉన్న పాత కోటగోడ ద్వారం దాటి లోపలికెళ్ళింది.

లోపల ఇరుకు సందులు, పుదీనా వాసన, తోలు వాసన. అక్క ప్రతి కొట్టు ముందూ ఆగింది. ఖర్జూరాలు తీసుకుంది. బాదం మిఠాయి తీసుకుంది. చాల్లే అంటే వినలేదు. ఒక ఉన్ని శాలువా చేతిలోకి తీసుకుని, మళ్ళీ పెట్టేసి, "వాడికిప్పుడేం ఇష్టమో నాకేం తెలుసే," అంది. హనుమకొండామె ఆ శాలువా తీసి మళ్ళీ ఆవిడ చేతిలో పెట్టింది. శాలువా కొన్నాక వచ్చిన దారి కనబడలేదు. ఏ సందులో తిరిగినా ఒకే ఇత్తడి సామాన్ల కొట్టు మళ్ళీ మళ్ళీ ఎదురయ్యేది. హనుమకొండామె చేతులు తిప్పుతూ ఎవరెవరినో దారి అడిగింది. అక్క చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పరుగెత్తడం మొదలుపెట్టింది.

మేం చేరేసరికి ఐదు దాటింది, లాంచీ వెళ్ళిపోయింది.

గుమస్తా లేచి నిలబడ్డాడు. మీవాడు మూడు కాకముందే వచ్చాడన్నాడు. మీరు లేకపోయేసరికి, బజారెక్కడని అడిగి, అక్క దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్ళకూడదు అని అతనూ ఆ సందుల్లోకే వెళ్ళాడట. తిరిగొచ్చి లాంచీ కూత పెట్టేదాకా గేటు దగ్గరే నిలబడ్డాడట. వాడు వదిలి వెళ్ళిన ఒక పొట్లం గుమస్తా అక్క చేతికిచ్చాడు. అందులో రెండు వెండి గాజులున్నాయి. అక్క వాటిని అక్కడే తొడుక్కుని, గోడకి ఆనుకుని ఏడ్చింది. దూరంగా నాలుగైదు ఓడలు కనిపిస్తున్నాయి. వాటిలో వాడిదేదో మాకు తెలియదు.

మళ్ళీ కలుస్తార్లే అని విమానంలో దారి పొడుగునా చెప్పాం. కలవలేదు. ఆ చలికాలం ఓడలోనే గుండె ఆగి పోయాడు. వార్త తెలిసి మేమిద్దరం అక్క ఇంటికి పరుగెత్తాం. వంటగదిలో నేల మీద కూర్చునుంది, కళ్ళలో తడి లేదు. నన్ను చూసి చెయ్యి పట్టుకుంది.

"ఆ రోజు వాణ్ణి కళ్ళారా చూసింది ఆ ముసలాయనే కదే. చిక్కాడా, ఒళ్ళు చేశాడా, ఎలాగున్నాడని ఒక్క మాటైనా అడగలేదే నేను!"