వీడ్కోలు సభలో వచ్చిన స్టే

గజపతినగరం దగ్గర ఓ ప్రభుత్వ బాలికల గురుకులంలో నేను టీచర్ని. పిల్లల అన్నంలో పురుగులు వస్తున్నాయని పై అధికారులకు ఫిర్యాదు చేశాను. అంతే, చంటిపిల్ల తల్లినని తెలిసి కూడా, మా ప్రిన్సిపాల్ నన్ను కొండ మీది బడికి బదిలీ చేయించారు. దాన్ని ఆపమని హైకోర్టులో అత్యవసరంగా లంచ్ మోషన్ వేద్దామన్నాడు లాయరు. పొద్దున వేస్తే మధ్యాహ్నమే వింటారట.

"లంచ్ మోషనంటే ఏటే? జడ్జీగారికి బువ్వ మనమే ఎట్టాలేటి?" అని మా అత్తగారు కంగారుపడ్డారు.

సరిగ్గా మోషన్ వేసిన రోజు మధ్యాహ్నమే ప్రిన్సిపాల్ నాకు వీడ్కోలు సభ పెట్టారు. నా మెడలో బంతిపూల దండ వేసి, "ఇంత నిజాయితీ గల మేడమ్ ఎల్లిపోతన్నాదంటే నా గుండె తరుక్కుపోతన్నాది" అని పొడి కళ్లు తుడుచుకున్నారు. ముందు వరసలో పిల్లలు మాత్రం నిజంగానే ఏడుస్తున్నారు. సాయంత్రానికి నన్ను రిలీవ్ చేసేస్తే ఇక కోర్టు ఆపమన్నా లాభం ఉండదని నేను మాటిమాటికీ ఫోన్ చూసుకుంటున్నాను. అప్పుడే లాయరు ఫోన్ చేశాడు.

"స్టే వచ్చిందమ్మా. ఎక్కడికీ కదలకు."

దండతోనే మైకు అందుకున్నాను. "ప్రిన్సిపాల్ గారి బాధ చూడలేక కోర్టు నన్ను ఇక్కడే ఉండమంది" అన్నాను. పిల్లల చప్పట్లు ఆగలేదు. ఆయన కళ్లలో అప్పుడొచ్చాయి అసలు నీళ్లు.

కేసింకా నడుస్తోంది. ఆయన మళ్లీ నన్ను పొగడలేదు గానీ, బియ్యం మాత్రం ఏరించి వండిస్తున్నారు.