మా గోడ మీద ఎర్ర గీత

గిద్దలూరు మెయిన్ రోడ్డు వెడల్పు చేస్తామని మొదటిసారి కొలిచినవాళ్లు మా బోరు సామాన్ల దుకాణం పక్కగోడ మీద నిలువుగా ఒక ఎర్ర గీత గీసి వెళ్లారు. గీతకు ముందున్నదంతా రోడ్డుకు పోతుంది. గీత వెనక జానెడు దూరంలో రాతి స్తంభం. కప్పు బరువంతా దాని మీదే. అది పోతే దుకాణం మొత్తం పోయినట్టే.

రోడ్డు రాలేదు. వస్తుందన్న కబురు వచ్చినప్పుడల్లా బజారంతా షట్టర్లు దించి షామియానా కింద ధర్నాకు కూర్చునేది. నాయన కూడా కూర్చునేవాడు. సాయంత్రం తిరిగొచ్చి, వానలకు వెలిసిన ఆ గీతకే మళ్లీ ఎర్ర రంగు పూసేవాడు. మా వరస దుకాణాల వాళ్లందరిదీ అదే పని.

"వద్దన్న రోడ్డుకు నువ్వే గీత గీస్తివి గదా మామా," అని ఎదురు టీ కొట్టాయన నవ్వేవాడు.

"చెరిగిపోతే మళ్లా కొలుస్తారు రా అల్లుడా. ఈసారి ఇంకా లోపలికొస్తారు."

నాకు పెద్ద చదువు లేదు. పైపులు కొలిచి అమ్మీ అమ్మీ కొలతలు అలవాటయ్యాయి. ఒకసారి గోడకు సున్నం వేయిస్తూ టేపు పెట్టి చూశాను. వేలెడు గీత బెత్తెడు అయింది. నాయన చెయ్యి వణుకుతుంది, కుంచె లావు. బయటివైపు వాన పైపు అడ్డం, కాబట్టి పెరిగిందంతా స్తంభం వైపే.

"మనమే లోపలికి తెచ్చుకున్నాం నాయనా," అన్నాను. కప్పు కారుతున్నా ఆయన బాగు చేయించలేదు. "కూలగొట్టేదానికి రిపేరేంది," అనేవాడు.

ఈ వేసవిలో కొత్త సర్వేయరు వచ్చాడు. గీత మీద అరచెయ్యి ఆనించి చూసి, "ఇంత లావుంది. ఇందులో ఏ అంచు లెక్క, పెద్దాయనా?" అన్నాడు.

నాయన నా వైపు చూశాడు.

"బయటిది సార్," అన్నాను.

"మీరు పూసిందాన్ని నేనెట్ల నమ్మేది," అంటూ రోడ్డు మధ్య నుంచి టేపు లాగించాడు. పైపు అవతల, పాత గీతకు మూరెడు బయట, సుద్దతో కొత్త గీత పెట్టాడు. స్తంభం మిగిలింది. పని ఎప్పుడు మొదలవుతుందని అడిగితే నిధులు వచ్చాక అన్నాడు.

సంతోషపడే ఓపిక మా ఇద్దరికీ లేదు. ఇన్నేళ్లు కాపాడుకున్న గీత ఎందుకూ పనికిరాలేదు. నాయన మెట్టు మీద కూర్చుని సుద్ద గీతను చాలాసేపు చూశాడు.

"వానొస్తే ఇది నిలవదు," అన్నాడు. "రంగు డబ్బా తే. ఈసారి సన్న కుంచె తీసుకురా."